వెలిసిన పడవకు మళ్ళీ మెరుగు

గుడ్లవల్లేరు ప్రాంతపు విద్యార్థికి పడవ కొత్త వస్తువు కాదు. కృష్ణా తూర్పు డెల్టా కాలువల మీద ఒకప్పుడు ధాన్యపు పడవలు నడిచినవి. కొల్లేటిలో తాటిదోనెలు తిరిగినవి. అవన్నీ కొయ్యతో చేసినవి. నేడు అదే విద్యార్థి గుడివాడ నుండి వచ్చే బస్సెక్కి బందరు చేరి, అక్కడి గిలకలదిండి రేవుకు పోయి చూస్తే, చిన్న పడవల్లో చాలావరకు ఫైబరు పడవలే కనిపిస్తవి. వానిలో ఏది కొత్తదో, ఏది పాతదో దూరం నుండే చెప్పవచ్చు. కొత్త పడవ నీలం నిగనిగలాడుతూ ఉంటుంది. కొన్ని ఏళ్ళు ఎండలో నిలిచిన పడవ నీలం, పైన పలుచగా సున్నం కొట్టినట్లు పాలిపోయి ఉంటుంది. వేలితో రాస్తే వేలికి తెల్లని పొడి అంటుతుంది.

అయితే ఆ పాలిపోయిన చోట ఒక చెంబెడు నీళ్ళు పోసి చూస్తే వింత జరుగుతుంది. తడిసినంత మేర పాత నీలం తిరిగి వస్తుంది. నీరు ఆరగానే మళ్ళీ మాయమవుతుంది. మరి ఆ రంగు పోయినట్లా, ఉన్నట్లా? ఈ చిన్న ప్రశ్నకు సరియైన జవాబు తెలియకపోతే, పడవకు మెరుగు పెట్టబోయి దాని ఆయువును తగ్గించే ప్రమాదం ఉన్నది.

ఫైబరు పడవ ఈ తీరానికి వచ్చి ఎంతో కాలం కాలేదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా బంగాళాఖాత కార్యక్రమాన్ని ప్రారంభించి, అలలను దాటి ఇసుక మీదకు చేరగల పడవల నమూనాలను పరీక్షించింది. వానిలో ఫైబరు గాజు పడవలు కూడా ఉన్నవి. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీలో తీరం పొడవునా పడవలు ధ్వంసమైనప్పుడు, సహాయంగా పంచిన వానిలో ఫైబరు పడవలు పెద్ద ఎత్తున వచ్చినవి. కొయ్య పడవకు ఏటేటా గుగ్గిలం, నూనె, సందులు పూడ్చే పని తప్పదు. ఫైబరు పడవకు ఆ చాకిరీ ఏదీ ఉండదని చెప్పుకొనేవారు. అది సగమే నిజం. ఫైబరు పడవ కుళ్ళదు, చెదలు పట్టదు. కాని దానికీ ఒక చర్మం ఉన్నది. ఆ చర్మానికి సంరక్షణ కావలె.

ఫైబరు పడవను చేసే పద్ధతి కొయ్య పడవను కట్టే పద్ధతికి తలక్రిందులు. కొయ్య పడవలో ముందు ఎముకల గూడు, తరువాత పలకలు, చిట్టచివర పైపూత. ఫైబరు పడవలో పైపూతే మొదట పుడుతుంది. పడవ ఆకారంలో గుల్లగా ఉన్న అచ్చును అద్దంవలె నునుపు చేసి, పడవ దానికి అంటుకొనిపోకుండా మైనం రాస్తారు. ఆపైన రంగు కలిపిన చిక్కని రెసిన్‌ను కుంచెతో గాని, పిచికారీతో గాని అచ్చు లోపలి ముఖమంతా పూస్తారు. దీనినే పడవల పనివారు జెల్‌కోటు అంటారు. అది జున్నులా గట్టిపడిన పిమ్మట గాజు నారతో చేసిన చాపలను ఒకదానిపై ఒకటి పరచి, రెసిన్‌తో తడుపుతూ, రోలరుతో గాలి బుడగలను వెళ్ళగొడతారు. అంతా గట్టిపడిన తరువాత అచ్చు నుండి ఊడదీస్తే, మొట్టమొదట పూసిన జెల్‌కోటు పడవకు బయటి ముఖమై నిలుస్తుంది. కనుక కొత్త పడవ మెరుపు ఎవరో రుద్దగా వచ్చినది కాదు. అచ్చు నునుపుదనం ముద్రగా దిగినది.

జెల్‌కోటు మందం సుమారు అర మిల్లీమీటరు, అనగా 500 మైక్రాన్లు. నోటుపుస్తకపు కాగితాలు ఆరేడు కలిపి పట్టుకొంటే ఆ మందం తెలుస్తుంది. పడవకు బలమిచ్చేది లోపలి గాజు నార. దానిని నీటి నుండి, ఎండ నుండి కాపాడేది ఈ అర మిల్లీమీటరు పూత. బందరు చిలకలపూడి రోల్డుగోల్డు నగలకు పేరుపొందినది. ఆ నగ మీద బంగారం పలుచని పొర మాత్రమే. మురికి పోవాలని బూడిదతో గట్టిగా తోమితే నగ మెరుస్తుంది గాని, తోమిన కొద్దీ అడుగున ఉన్న రాగి దగ్గరపడుతుంది. జెల్‌కోటు విషయం కూడా అంతే. తేడా ఒక్కటే: నగకు రాగి బయటపడితే పోయేది అందం, పడవకు గాజు నార బయటపడితే నీరు లోనికి దారి చేసుకొంటుంది.

ఇక ఆ పూతలో ఏమున్నదో చూడవలె. ముఖ్య పదార్థం పాలియెస్టర్ రెసిన్. స్టైరీన్ అనే ద్రవంలో కరిగిన పొడవాటి పాలియెస్టర్ గొలుసులు, ఉత్ప్రేరకం కలపగానే స్టైరీన్ వంతెనలతో ఒకదానితో ఒకటి ముడిపడి వలగా మారుతవి. అల్లుకొన్న ఈ వల మళ్ళీ కరగదు. రంగు కోసం వర్ణక రేణువులు, పూసినప్పుడు గోడ వెంట జారిపోకుండా సన్నని సిలికా పొడి ఇందులో కలుపుతారు. తెల్లని జెల్‌కోటులోనే గాక లేత రంగుల వానిలో కూడా టైటానియం డై ఆక్సైడ్ ఉంటుంది.

ఈ వలను తెంచేది ఎండ. అయితే ఎండలో కంటికి కనిపించే వెలుగు అంతటిని నిందించవలసిన పని లేదు. లెక్క వేస్తే విషయం తేటపడుతుంది. ఒక మోల్ ఫోటాన్ల శక్తిని కిలోజౌళ్ళలో తెలుసుకోవాలంటే, సుమారు 1,19,600ను నానోమీటర్లలో ఉన్న తరంగదైర్ఘ్యంతో భాగించవలె. ఆకుపచ్చ కాంతికి, అనగా 550 నానోమీటర్లకు, 217 కిలోజౌళ్ళు వస్తవి. 300 నానోమీటర్ల అతినీలలోహిత కిరణానికి 399 వస్తవి. రెండు కార్బన్ పరమాణువుల మధ్య ఏక బంధాన్ని తెంచడానికి సగటున 347 కిలోజౌళ్ళు కావలె. ఆకుపచ్చ కాంతి ఎంత పడినా చేయలేని పనిని అతినీలలోహిత కిరణం చేయగలదు. పాలియెస్టర్‌లోను, స్టైరీన్‌లోను ఉన్న బెంజీన్ వలయాలు ఈ కిరణాలను పట్టుకొనే స్వభావం కలవి. కనుక దెబ్బ మొదట పైపొరకే తగులుతుంది.

బంధం తెగిన చోట స్వేచ్ఛా రాడికల్ అనే చురుకైన ముక్క మిగులుతుంది. గాలిలోని ఆక్సిజన్ దానితో కలిసి పెరాక్సైడ్లను కల్పిస్తుంది. అవి విచ్ఛిన్నమై మరిన్ని రాడికల్‌లను పుట్టిస్తవి. ఒక తెంపు పది తెంపులకు దారి తీస్తుంది. పడవల వారు ఆక్సీకరణం అనేది దీనినే. రాత్రి మంచు, వాన, అలల తుంపర ఆ తెగిన తునకలను కడిగివేసి, క్రింది తాజా పొరను మరునాటి ఎండకు అప్పగిస్తవి. బందరు ఉత్తర అక్షాంశం 16 డిగ్రీలకు కొద్దిగా పైన ఉన్నది. అందుచేత మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు 8 ప్రాంతంలో మరొకసారి మధ్యాహ్న సూర్యుడు సరిగా నడినెత్తికి వస్తాడు. ఇక్కడి పడవ ఉత్తర ఐరోపా పడవ కన్న త్వరగా వెలియడంలో ఆశ్చర్యం లేదు.

టైటానియం డై ఆక్సైడ్ పాత్ర కొంత విచిత్రమైనది. అతినీలలోహిత కిరణాలను తాను మింగి రెసిన్‌ను కాపాడేది అదే. కాని నీరు, ఆక్సిజన్ సమక్షంలో ఆ మింగిన శక్తితో తన చుట్టూ ఉన్న రెసిన్‌నే ఆక్సీకరించేదీ అదే. ఈ పదార్థపు రెండు స్ఫటిక రూపాల్లో అనటేస్ ఈ చెరుపు ఎక్కువ చేస్తుంది, రూటైల్ తక్కువ చేస్తుంది. అందుకే ఆరుబయట వాడే పూతలకు రూటైల్‌ను, అది కూడా రేణువు రేణువుకూ అల్యూమినా, సిలికా తొడుగు వేసినదానిని వాడుతారు. రెసిన్ అరిగిపోయిన తరువాత పట్టు తప్పిన రేణువులే వేలికి అంటే తెల్లని పొడి.

ఇప్పుడు చెంబెడు నీళ్ళ వింతకు జవాబు చెప్పవచ్చు. నునుపైన తలం మీద పడిన కాంతిలో కొంత అద్దం మీద వలె ఒకే దిక్కుకు పరావర్తనం చెందుతుంది. మిగిలినది లోనికి పోయి, వర్ణకాన్ని తాకి, నీలమై తిరిగి వస్తుంది. శిథిలమైన తలం మీద లెక్కలేనన్ని గుంటలు, పగుళ్ళు, వదులు రేణువులు ఉంటవి. గాలికీ రెసిన్‌కూ మధ్య ఉన్న ప్రతి ముఖం వద్దా కాంతి చెదరిపోతుంది. అన్ని రంగులూ కలిసి చెదరితే కంటికి తెలుపే కనిపిస్తుంది. పంచదార పలుకు పారదర్శకమే అయినా, పొడి చేస్తే తెల్లగా కనిపించడం ఇందువల్లనే. గాలి వక్రీభవన గుణకం 1, పాలియెస్టర్‌ది సుమారు 1.55, నీటిది 1.33. నిట్టనిలువుగా పడిన కాంతిలో గాలి నుండి పాలియెస్టర్‌కు పోయేటప్పుడు నూటికి 4.7 పాళ్ళు వెనుదిరుగుతుంది. నీటి నుండి పోయేటప్పుడు 0.6 పాళ్ళు మాత్రమే. గుంటల్లో గాలికి బదులు నీరు నిండగానే చెదరే కాంతి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. తెర తొలగి, లోపలి నీలం కనిపిస్తుంది.

కనుక రంగు పోలేదు. పైన చచ్చిన పొర ఒకటి కప్పుకొన్నది, అంతే. నీటితో రంగు బాగా తిరిగి వచ్చే పడవకు మెరుగు తెప్పించవచ్చు. తడిపినా పాలిపోయే ఉంటే వర్ణకమే మారిపోయినదని, లేదా శైథిల్యం లోతుకు దిగినదని అర్థం.

ఈ వింత వెంటనే ఒక మోసం కూడా పొంచి ఉన్నది. నీరు చేసే పనినే నూనె, మైనం మరింత బాగా చేస్తవి. వాని వక్రీభవన గుణకం పాలియెస్టర్‌కు ఇంకా దగ్గర. పొడి దేలిన పడవ మీద నూనె గుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు, కొత్త పెళ్ళికూతురిలా తయారవుతుంది. పాత పడవను అమ్మజూపేవారికి ఇది తెలియని విద్య కాదు. కొన్ని వారాల్లో నూనె ఎండకు, నీటికి పోతుంది. పడవ మళ్ళీ యథాస్థితికి వస్తుంది. ఇంకా చెడ్డ సంగతి, జిడ్డు పట్టిన దుమ్ము గుంటల్లో చేరి తరువాతి పనిని కష్టతరం చేస్తుంది. మైనం రాయవలసినదే, కాని చచ్చిన పొరను తీసిన తరువాత.

తీసే పని ఇలా సాగుతుంది. మొదట మంచినీటితో, మెత్తని సబ్బుతో ఉప్పూ జిడ్డూ పోయేదాకా కడగవలె. ఉప్పు పలుకు మిగిలిపోతే రుద్దేటప్పుడు గీతలు పెడుతుంది. మేకుల వద్ద, గొలుసు వేలాడిన చోట పడిన తుప్పు మరకలను ఎంత రుద్దినా లాభం లేదు. ఆక్సాలిక్ ఆమ్లపు పలుచని ద్రావణం రాస్తే, ఇనుప ఆక్సైడ్ కరిగే సమ్మేళనంగా మారి నీటితో కొట్టుకొని పోతుంది. ఇత్తడి చెంబును చింతపండుతో తోమడంలోని రసాయన సూత్రం కూడా ఇటువంటిదే. అయితే చింతపండు పులుపు తినదగినది, ఆక్సాలిక్ ఆమ్లం విషం. చేతికి తొడుగులు లేకుండా దానిని తాకకూడదు.

తరువాత జానెడు చోట పరీక్ష చేయవలె. ఎక్కువమంది విడిచిపెట్టే మెట్టు ఇదే. నిజానికి ఇదే అన్నిటికంటె ముఖ్యమైనది. కార్ల రంగు పనివారు వాడే రబ్బింగు కాంపౌండును మెత్తని గుడ్డతో రుద్ది, ఆ జానెడు మెరిస్తే పడవ అంతటికీ అదే చాలు. గరుకు కాగితం అవసరం లేదు. మెరవకపోతేనే కాగితానికి పోవలె. అప్పుడు కూడా నీళ్ళలో తడిపి వాడే వాటరు పేపరు, అందులోనూ పని జరిగే కాగితాల్లో అన్నిటికంటె మెత్తనిది.

కాగితం నంబరు చూచి విద్యార్థులు తడబడుతుంటారు. నంబరు పెరిగిన కొద్దీ రేణువు చిన్నదవుతుంది. 400 నంబరు కాగితంలో రేణువు సగటున 35 మైక్రాన్లు, 800లో 22, 1000లో 18, 1500లో 12 నుండి 13, 2000లో 10. కాంతి తరంగదైర్ఘ్యం 0.4 నుండి 0.7 మైక్రాన్ల వరకే కనుక, 2000 నంబరు కాగితం పెట్టే గీతలు కూడా కాంతి దృష్టిలో కందకాలే. కాగితం ఒక్కటే అద్దపు మెరుపు ఎందుకు ఇవ్వలేదో, ఆ తరువాత కాంపౌండు, దానికంటె సన్నని పాలిష్ ఎందుకు కావలెనో దీనిని బట్టి తెలుస్తుంది. ప్రతి మెట్టూ వెనుకటి మెట్టు గీతలను చెరిపి, తాను అంతకన్న చిన్న గీతలు పెడుతుంది. గీతలు కాంతి తరంగం కంటె చిన్నవైనప్పుడు కన్ను వానిని మెరుపు అంటుంది.

మామూలు శైథిల్యానికి 1000తో మొదలు పెట్టి, 1500, 2000 మీదుగా కాంపౌండుకు రావచ్చు. బాగా పొడి దేలినదానికి 800 కావలసి రావచ్చు. రుద్దబోయే చోట పెన్సిలుతో అడ్డదిడ్డంగా పలుచని గీతలు గీసి, అవి చెరిగేవరకే రుద్దడం మంచి పద్ధతి. ఎక్కడ ఎక్కువ పోతున్నదో, ఎక్కడ తక్కువ పోతున్నదో గీతలే చెబుతవి. ఒక కాగితంతో అడ్డంగా రుద్దితే, తరువాతిదానితో నిలువుగా రుద్దవలె. పాత గీతలు మిగిలితే అప్పుడు ఇట్టే కనిపిస్తవి. అంచులు, మలుపుల వద్ద చేయి తేలిక చేయవలె. కుంచెతో పూసిన జెల్‌కోటు అక్కడ పలుచబడి ఉండవచ్చు, పైగా చేతి బరువంతా సన్నని గీటు మీదనే పడుతుంది. బఫింగు యంత్రం వాడేవారు దానిని ఒకే చోట నిలపకూడదు. రాపిడి వేడికి రెసిన్ మెత్తబడి కమిలిపోతుంది. అదే కారణం చేత మిట్టమధ్యాహ్నపు ఎండలో కాలిన పడవ మీద ఈ పని చేయక, ఉదయం వేళ గాని, నీడలో గాని చేయవలె. రిజిస్ట్రేషన్ నంబరు రాసిన చోటును ముందే టేపుతో మూయవలె.

ఈ పనికి ఒక ఖాతా లెక్క ఉన్నది. శ్రద్ధగా చేసినా కొన్ని పదుల మైక్రాన్లు పోవచ్చు. తొందరపడి మొరటు కాగితంతో వంద మైక్రాన్లు తీసివేస్తే, పడవ చర్మంలో అయిదో వంతు ఒక్క పూటలో నీళ్ళపాలైనట్లే. అది తిరిగి పెరగదు. రుద్దుతుండగా రంగు పలుచబడినా, లోపలి గాజు చాప అల్లిక నీడగా కనిపించినా ఆ క్షణమే ఆపవలె. అటువంటి పడవకు మెరుగు మార్గం మూసుకొన్నది. కొత్త జెల్‌కోటో, పడవల కోసం చేసిన రంగో వేయించడమే శరణ్యం. నక్షత్రం ఆకారంలో పగుళ్ళు ఉన్నా, చర్మం మీద బొబ్బలు లేచినా ముందు మరమ్మతు, తరువాతనే మెరుగు. నీటిలో ఎప్పుడూ తేలుతూ ఉండే పడవకు ఈ బొబ్బలు ద్రవాభిసరణం వల్ల వస్తవి. పూతను దాటి చేరిన నీరు లోపలి రసాయన శేషాలను కరిగించుకొని చిక్కనై, బయటి నుండి మరింత నీటిని లాగుతుంది. ఇసుక మీదకు లాగే పడవల అడుగుభాగం సంగతి వేరు. దానిని ఇసుకే గరుకు కాగితంలా రోజూ అరగదీస్తుంది గనుక అక్కడ మెరుగు పెట్టడం వృథా శ్రమ. పక్కలకు పెడితే చాలు.

చిన్న గాటును కొత్త జెల్‌కోటుతో పూడ్చేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. గాలి తగిలిన పైముఖం ఎంతసేపటికీ జిగటగానే ఉంటుంది. వలను అల్లే రాడికల్‌లను ఆక్సిజన్ మధ్యలోనే పట్టివేయడం దీనికి కారణం. పైన పలుచని ప్లాస్టిక్ కాగితం పరచి గాలి తగలకుండా చేస్తే గట్టిపడుతుంది. వృద్ధాప్యంలో ఈ పూతను తినే ఆక్సిజన్, పుట్టుకలో కూడా దానికి అడ్డు వస్తున్నదన్నమాట. ఉత్ప్రేరకంగా వాడే పెరాక్సైడ్‌ను, త్వరితం చేసే కోబాల్టు లవణాన్ని నేరుగా ఒకదానితో ఒకటి ఎన్నడూ కలపకూడదు. పేలుడు సంభవించవచ్చు. కోబాల్టు రెసిన్‌లో పూర్తిగా కలిసిన తరువాతనే పెరాక్సైడ్ చుక్కలు వేయవలె. ఇది పాఠశాల ప్రయోగశాలలో చేయదగిన పని కాదు.

పొడిగా రుద్దితే లేచే సన్నని ధూళి ఊపిరితిత్తులకు చేటు. తడిపి రుద్దినా ముక్కుకు మాస్కు, కళ్ళకు అద్దాలు ఉండవలె. రుద్దగా కారే తెల్లని నీరు పాలియెస్టర్ రేణువులు కలిసిన నీరు. దానిని కాలువలోకి వదలక, పాత గోనె మీద వడగట్టి పొడిని వేరు చేయడం మంచిది.

ఇంత చేసిన తరువాత మైనానికి వేళ వస్తుంది. బ్రెజిల్ దేశపు ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుండి తీసే కార్నౌబా మైనం గాని, కృత్రిమ మైనం గాని బాగా ఆరిన తలం మీద పలుచగా రెండుసార్లు రాసి, గుడ్డతో తుడవవలె. అది నీటిని, ఉప్పును దూరంగా ఉంచుతుంది. అతినీలలోహిత కిరణాలను పట్టే పదార్థాలు కలిపిన మైనం మరికొంత మేలు. ఎండలో మైనం కూడా అరిగిపోతుంది. నీరు పోసినప్పుడు తామరాకు మీద వలె ముత్యాలై జారినంతకాలం మైనం ఉన్నట్లు. నీరు చాపలా పరచుకొంటే మళ్ళీ రాయవలసిన సమయం వచ్చినట్లు.

సముద్రం దగ్గరలో లేని పాఠశాలల్లో కూడా ఈ విషయాన్ని ప్రయోగం చేసి చూపవచ్చు. ఫైబరు వస్తువులు చేసేవారి వద్ద జెల్‌కోటు ఉన్న రంగు తునకలు వృథాగా పడి ఉంటవి. ఒకే తునకను మూడు ముక్కలు కోయించి, ఒకదాన్ని బీరువాలో చీకటిలో ఉంచవలె. రెండవదానిని సగభాగం అల్యూమినియం రేకుతో కప్పి, పాఠశాల మేడ మీద దక్షిణానికి కొంచెం వాలుగా కట్టవలె. మూడవదానికి మైనం రాసి దాని పక్కనే కట్టి, మూడు నెలలకొకసారి మైనం తిరిగి రాయవలె. నెలకొకసారి నల్లని గుడ్డతో ఒక్కొక్కదాని మూలను ఒకేలా రుద్ది, గుడ్డకు ఎంత పొడి అంటినదో, నీరు పోస్తే ఏ ఆకారంలో నిలిచినదో, తడిసినప్పుడూ ఆరినప్పుడూ రంగు ఎలా ఉన్నదో తేదీతో సహా రాసిపెట్టవలె. తొమ్మిదవ తరగతిలో మొదలుపెట్టిన విద్యార్థులు పదవ తరగతి ముగించేలోగా ఒక వేసవి, రెండు వానకాలాలు ఆ పట్టికలో చేరుతవి. రేకు తీసి చూచిన నాడు కప్పిన సగానికీ కప్పని సగానికీ మధ్య గీటు కనిపిస్తే, దాని మీద వేలు ఆనించి, ఎత్తులో తేడా తగులుతున్నదేమో కూడా చూడవలె.